ఏ దిక్కుకు? కదలని శిల్పం వలసను ఎలా చెబుతుంది

శరణార్థికి తెలుగులో ఇంకో మాట ఉంది: కాందిశీకుడు. ఒకప్పుడు పత్రికల్లో తరచు కనిపించేది, ఇప్పుడు బాగా తగ్గిపోయింది. సంస్కృతం నుంచి వచ్చిన ఈ మాటను పండితులు 'కాం దిశం' అని విడదీస్తారు. ఏ దిక్కుకు పోను, అని అర్థం. భయంతో పరుగెత్తేవాడు కాందిశీకుడని అమరకోశం చెప్పింది. ఆ మాటలో మనిషి ఊరు లేదు, జాతి లేదు, పేరు లేదు. ఒక్క ప్రశ్న మాత్రం ఉంది. దానికి తోడు తెలుగులో దిక్కు అంటే తూర్పు, పడమరలే కాదు, అండ కూడా. 'దిక్కులేనివాడు' అంటే దారి తెలియనివాడని కాదు, చేరదీసేవాళ్లు లేనివాడని.

వలసల మీదా నిర్వాసం మీదా వచ్చిన శిల్పాల గురించి చదువుతూ, వాటి ఫొటోలు ముందేసుకుని కూర్చున్నప్పుడు నాకు దారి చూపింది ఈ మాటే. ప్రతి శిల్పాన్నీ రెండు ప్రశ్నలు అడగొచ్చు. ఇందులో మనుషులు ఎటు తిరిగి ఉన్నారు? వాళ్లకు దిక్కెవరు? మొదటిది శిల్పి పనితనానికి సంబంధించిన ప్రశ్న. రెండోది ఆ శిల్పాన్ని నిలబెట్టిన ఊరికి సంబంధించినది. వలస శిల్పాల చుట్టూ నడిచే గొడవలన్నీ ఈ రెంటినీ కలిపేయడం వల్ల వచ్చినవే అనిపిస్తుంది.

అసలు చిక్కు ఇంకా ముందే మొదలవుతుంది. వలస అంటేనే కదలిక, శిల్పమంటే కదలనిది. సినిమాకు రైలుంది, నవలకు తరాల కాలం ఉంది. శిల్పం చేతిలో ఉన్నది ఒక్క క్షణం, ఒక్క చోటు, మోయలేనంత బరువు. రాయినీ కంచునీ మనుషులు ఇన్ని వేల ఏళ్లుగా వాడింది 'ఇది ఇక్కడే ఉంటుంది' అని చెప్పడానికి. ఇక్కడ ఉండలేకపోయినవాళ్ల కథ చెప్పడానికి అవే పదార్థాలు వాడటం ఒక రకంగా ఎదురీత.

మాటల్లోనూ ఒక ముడి ఉంది. వలస వేరు, నిర్వాసం వేరు. బతుకుతెరువు కోసమో చదువు కోసమో పెళ్లి అయ్యో వెళ్లేది వలస. యుద్ధం, హింస తరిమితే పోయేది నిర్వాసం. ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం 2024లో పుట్టిన దేశం వదిలి మరో దేశంలో ఉంటున్నవాళ్లు సుమారు 30.4 కోట్ల మంది. అదే ఏడాది చివరికి బలవంతంగా ఇల్లు విడిచినవాళ్లు 12.3 కోట్లు. ఈ రెండో లెక్కలో సగానికి పైగా అసలు సరిహద్దే దాటలేదు, సొంత దేశంలోనే చెదిరిపోయారు. శిల్పాల సంగతి చూస్తే మాత్రం ఈ తూకం తలకిందులుగా ఉంటుంది. పేరు తెచ్చుకున్నవాటిలో ఎక్కువ భాగం పడవలు, రేవులు, స్టేషన్లు, పెట్టెలే. సముద్రానికి ఒక అంచు ఉంటుంది, అంచున నిలబడ్డ మనిషి శిల్పికి బాగా అందుతాడు. పక్క జిల్లాలో బంధువుల వసారాలో పదేళ్లుగా ఉంటున్న కుటుంబాన్ని ఏ ఆకారంలో పోత పోయాలి? ఈ లోటు గుర్తు పెట్టుకునే ముందుకు వెళ్దాం.

పెట్టె, మూట

పదాల్లో ఉన్న ఈ తేడాను శిల్పులు చాలాసార్లు చేతిలోని సామానుతో చెబుతారు. మూత పడిన పెట్టె కనిపించిందంటే సర్దుకునే వ్యవధి దొరికిందన్నమాట. మూటైతే అందింది చుట్టుకుని బయల్దేరినట్టు. డబ్లిన్‌లో లిఫీ నది ఒడ్డున, కస్టమ్ హౌస్ రేవు దగ్గర, రోవన్ గిలెస్పీ 1997లో చేసిన 'ఫామిన్' శిల్పాల గుంపు ఉంది. ఎండి పుల్లలైన మనుషులు చింపిరి మూటలు గుండెకు హత్తుకుని ఓడల వైపు నడుస్తుంటారు. ఒకడి భుజాల మీద వేలాడే పిల్ల ప్రాణంతో ఉందో లేదో తెలియదు. వెనకాల ఒక కుక్క. 1845 నుంచి 1852 దాకా నడిచిన ఐరిష్ కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు, అంతకు తగ్గకుండా దేశం వదిలి వెళ్లారు. వీళ్లు వలసపోయారా, నిర్వాసితులా? వాళ్లను తరిమిన యుద్ధమేదీ లేదు. అయినా ఆ మూటలు చూశాక 'బతుకుతెరువు కోసం వెళ్లారు' అనడానికి నోరు రాదు. చట్టం గీసే గీతను ఒక శిల్పం ఇంత మామూలుగా చెరిపేయగలదు.

పెట్టెను ఇంకో తీరుగా వాడుకున్నవాడు బ్రూనో కాటలానో. 1960లో మొరాకోలో పుట్టాడు, చిన్నతనంలోనే కుటుంబం ఫ్రాన్స్‌కు చేరింది, కొన్నేళ్లు ఓడల మీద పనిచేశాడు. 2013లో మార్సెయ్ రేవులో అతని 'లే వొయాజర్', అంటే ప్రయాణికులు, నిలబెట్టారు. నిలువెత్తు కంచు మనుషులు పదిమంది. అందరి చేతిలోనూ ఒక పెట్టో సంచో ఉంటుంది. అందరికీ ఒంట్లో పెద్ద భాగం ఉండదు. భుజం నుంచి మోకాలి దాకా ఖాళీ, ఆ ఖాళీలోంచి వెనకాల సముద్రం కనిపిస్తుంది. ఊరు వదిలినవాడు తనలో కొంత అక్కడే వదిలేశాడన్న అర్థం చూడగానే తడుతుంది. అక్కడితో ఆగితే అదొక గడుసు చమత్కారం, అంతే.

కొంచెం ఆగి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. సగం ఒళ్లు లేని మనిషి నిలబడ్డాడెలా? ఇది కంచు గుణం. రాయి బరువును బాగా మోస్తుంది కానీ సాగదీస్తే, వంచితే విరుగుతుంది. పాత రోమన్ పాలరాతి విగ్రహాల కాలి పక్కన అకారణంగా ఒక చెట్టు మొద్దు ఉండేది అందుకే, సన్నటి చీలమండలు అంత బరువును మోయలేవు. కంచును లోపల బోలుగా పోత పోస్తారు. అది లాగుడునూ వంపునూ తట్టుకుంటుంది, కాబట్టి సన్నటి ఆధారం మీద కూడా పెద్ద భాగాన్ని గాల్లో నిలపొచ్చు. కాటలానో ప్రయాణికుల్లో కొందరికి పైభాగం బరువు చేతిలోంచి పెట్టెలోకి, పెట్టెలోంచి కిందికి దిగుతుంది. అతను పెట్టెను మోస్తున్నాడని మనం అనుకుంటాం, పెట్టె అతన్ని మోస్తోంది. నాకు ఆ లేని మొండెం కన్నా ఈ లెక్కే ఎక్కువ నచ్చింది.

కొరియా నుంచి అమెరికా వెళ్లిన దో హో సూ పనిని దీని పక్కన పెట్టి చూడాలి. ఈ పనిలో అతను మనుషుల్ని చేయడు, ఇళ్లు కుడతాడు. తను ఉన్న ఇళ్లను కొలతలు తీసి, గడియలు, స్విచ్చులతో సహా, పలచటి పారదర్శకమైన గుడ్డతో అసలు సైజులో కుట్టడం అతని పద్ధతి. 1999లో మొదలైన 'సోల్ హోమ్' పట్టుతో కుట్టినది, సోల్‌లో తను పెరిగిన ఇంటికి నకలు. మడత పెడితే పెట్టెలో పడుతుంది. ప్రదర్శన ఊరు మారినప్పుడల్లా దాని పేరుకు కొత్త ఊరి పేరు చేరుతూ పోతుంది. కాటలానో మనిషి ఇంటిని పోగొట్టుకున్నాడు, సూ మనిషి ఇంటిని వెంటేసుకుని తిరుగుతున్నాడు. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ బరువో చెప్పడం కష్టం.

ఒక ప్రయాణం, రెండు కొసలు

శిల్పం ఒకే చోట ఉంటుంది, ప్రయాణానికి రెండు కొసలుంటాయి. దీనికి కొందరు కనిపెట్టిన ఉపాయం చాలా సూటిగా ఉంటుంది: రెండు చోట్లా పెట్టడం. చూసేవాడు ఒకేసారి రెంటినీ చూడలేడు. మధ్యలో సముద్రాన్నో దేశాలనో తను దాటాలి, కనీసం ఊహలోనైనా.

గిలెస్పీ మనుషులు డబ్లిన్‌లో బయల్దేరారు కదా. పదేళ్లకు, 2007లో, టొరంటో సరస్సు ఒడ్డున ఐర్లాండ్ పార్కులో అదే శిల్పి చేతుల్లోంచి అయిదుగురు దిగారు. ఒకామె నేల మీద పడిపోయి ఉంది. ఒకామె నిండు గర్భిణి. ఒకడు నగరం వైపు చేతులెత్తి నిలబడ్డాడు. 1847లో టొరంటో జనాభా సుమారు 20,000. ఆ ఒక్క ఏడాదిలో అక్కడ దిగిన ఐరిష్ వలసదారులు 38,000 పైచిలుకు. వాళ్లలో 1,100 మందికి పైగా జ్వరాలతో అక్కడే పోయారు. పార్కులో ఐర్లాండ్ నుంచి తెచ్చిన నల్ల సున్నపురాయి గోడలున్నాయి. పోయినవాళ్లలో దొరికినన్ని పేర్లు ఆ గోడల సందుల్లో, లోపలి ముఖాల మీద చెక్కారు. సందులోకి తొంగి చూస్తే తప్ప కనపడవు. చేతులెత్తిన మనిషి ఒక్కడే ఉండి ఉంటే అదొక పోస్టర్ అయ్యేది. పక్కనే ఆ సందులు ఉండటం వల్ల అతని చేతులు ఎందుకు పైకి లేచాయో తెలుస్తుంది.

ఫ్రాంక్ మైస్లర్ ఈ రెండు కొసల పద్ధతిని ఒక రైలు దారంతా పరిచాడు. డాంజిగ్, అంటే నేటి గ్దాన్‌స్క్‌లో పుట్టిన యూదు పిల్లవాడు. 1939 ఆగస్టులో, యుద్ధానికి కొద్ది రోజుల ముందు, తల్లిదండ్రులు అతన్ని మరికొందరు పిల్లలతో రైలెక్కించారు. తల్లీ తండ్రీ నాజీల చావు శిబిరం ఔష్విట్జ్‌లో హత్యకు గురయ్యారు. 1938 చివర్లో మొదలై 1939లో యుద్ధం రావడంతో దాదాపుగా ఆగిన ఆ 'కిండర్‌ట్రాన్స్‌పోర్ట్' ద్వారా నాజీల చేతికి చిక్కకుండా బ్రిటన్ చేరిన పిల్లలు దాదాపు 10,000. వాళ్లలో చాలామంది మళ్లీ అమ్మానాన్నల్ని చూడలేదు. మైస్లర్ పెద్దయ్యాక శిల్పి అయ్యాడు. లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్ దగ్గర 2006లో, బెర్లిన్ ఫ్రీడ్రిష్‌స్ట్రాసె స్టేషన్ దగ్గర 2008లో, గ్దాన్‌స్క్‌లో 2009లో, ఓడ ఎక్కిన హుక్ ఆఫ్ హాలండ్‌లో 2011లో, హాంబర్గ్‌లో 2015లో, ఒక్కో మజిలీలో ఒక్కో పిల్లల గుంపును నిలబెడుతూ వచ్చాడు. తను పారిపోయిన దారిలో తనే కంచు గుర్తులు పాతుకుంటూ వెళ్లిన మనిషి.

వీటన్నిట్లో బెర్లిన్‌ది మీద పడ్డట్టు ఉంటుంది. అక్కడ రెండు గుంపులున్నాయి, రంగులు వేరు. చిన్న గుంపు లేత రంగులో ఒక దిక్కుకు చూస్తూ ఉంటుంది, ఆ పిల్లలు బతుకుతారు. పెద్ద గుంపు ముదురు రంగులో ఎదురు దిక్కుకు తిరిగి ఉంటుంది, వాళ్లు చావు శిబిరాలకు వెళ్తారు. దాని పేరే 'బతుకుకు రైళ్లు, చావుకు రైళ్లు'. స్టేషన్ అదే, వయసులూ అవే, సామానూ దాదాపు అదే. తేడా అంతా ఎటు నిలబడ్డారన్న దాంట్లోనే ఉంది. మొదట్లో చెప్పిన ఆ 'కాం దిశం' అన్న ప్రశ్నను ఇంత నగ్నంగా అడిగిన శిల్పం నాకు మరొకటి తెలియదు.

రెండు కొసల శిల్పాలు ఇంకా ఉన్నాయి. సురినామ్ రాజధాని పరమారిబోలో భారతీయ కూలీల రాకకు గుర్తుగా 1994లో 'బాబా, మాయి' జంటను పెట్టారు, తర్వాత ఆ జంట నకలు వాళ్లు ఓడెక్కిన కోల్‌కతా ఘాట్‌లో కూడా వెలిసింది. ఐర్లాండ్‌లోని కోవ్ రేవులోనూ, న్యూయార్క్ ఎల్లిస్ ద్వీపంలోనూ అనీ మూర్ విగ్రహాలున్నాయి, రెండూ జీన్ రైన్‌హార్ట్ చేసినవే. 1892 జనవరి 1న ఎల్లిస్ ద్వీపం కేంద్రం తెరిచినప్పుడు మొదటగా అడుగుపెట్టిన పిల్ల ఈమె, ఇద్దరు తమ్ముళ్లతో వచ్చింది. విగ్రహాలు పెట్టిన చాలా ఏళ్ల దాకా ఆమె పడమటికి, టెక్సస్ వైపు వెళ్లి స్థిరపడిందని అందరూ నమ్మారు. ఆ కథ వేరే అనీ మూర్‌దని 2006లో తేలింది. అసలు అనీ న్యూయార్క్ పేదల వాడలోనే బతికి, 1924లో పోయింది. 2008 దాకా ఆమె సమాధి మీద పేరు కూడా లేదు. చేరిన కొసన విగ్రహం నవ్వుతూ ఉండొచ్చు. కానీ ప్రయాణం అక్కడితో అయిపోదు. శిల్పం మాత్రం అక్కడితో ఆగుతుంది.

పడవను ఎత్తుకొస్తే?

ఇక అన్నిటికన్నా పెద్ద తగువు. 2015 ఏప్రిల్ 18 రాత్రి లిబియాకూ ఇటలీ దీవి లాంపెడూసాకూ మధ్య ఒక చేపల పడవ మునిగింది. బతికినవాళ్లు 28 మంది. పోయినవాళ్లు 700 నుంచి 1,100 దాకా ఉంటారని అంచనా. మరుసటి ఏడాది ఇటలీ నౌకాదళం ఆ పడవను సముద్రం అడుగునుంచి పైకి తీసింది, దొరికిన అవశేషాలను గుర్తించే పని మొదలైంది. 2019లో క్రిస్టాఫ్ బ్యూకెల్ అనే కళాకారుడు ఆ పడవనే తెచ్చి వెనిస్ బినాలే కళా ప్రదర్శనలో, ఆర్సెనాలే రేవు గట్టున నిలబెట్టాడు. పేరు 'బార్కా నోస్త్రా', మన పడవ. పక్కన వివరం రాసిన పలక లేదు. దగ్గర్లో ఒక కాఫీ కొట్టు. కాఫీ తాగుతూ, పడవ ముందు సెల్ఫీలు దిగుతూ జనం తిరిగారు.

సమర్థించేవాళ్లు అనేది: ఆ సెల్ఫీలే కళ, ఐరోపా ఈ చావులను ఎంత తేలిగ్గా పక్కన పెట్టుకుని కాఫీ తాగుతోందో అదే చూపింది. వ్యతిరేకించేవాళ్లు అనేది: అది వందలమందికి సమాధి, దాన్ని వస్తువుగా ఊరేగించే హక్కు ఎవరిచ్చారు? నేను రెండో పక్షం. చచ్చిపోయినవాళ్ల బంధువులు అక్కడ లేరు, వాళ్ల పేర్లు లేవు, ఏమిటో తెలియక ఫొటో దిగినవాణ్ని తప్పుపట్టి ప్రయోజనం లేదు. తెలియనివ్వకుండా పెట్టి, తెలియలేదని నిందించడం పాఠం కాదు, ఉచ్చు. ఆ పడవ తర్వాత సిసిలీలోని అగస్టా రేవుకు తిరిగి చేరింది.

అసలు వస్తువును వాడటమే తప్పా అంటే, కాదు. చైనా కళాకారుడు ఐ వేవే 2016 ఫిబ్రవరిలో బెర్లిన్‌లోని సంగీత సౌధం స్తంభాలకు 14,000 లైఫ్ జాకెట్లు చుట్టాడు. గ్రీసులోని లెస్బోస్ దీవి చేరినవాళ్లు ఒడ్డున విప్పి పడేసినవి అవి. జాకెట్ విప్పాడంటే వాడు ఒడ్డు చేరాడనే, కాబట్టి ఆ నారింజ రంగు గుట్టలో చావు కన్నా బతుకే ఎక్కువ. అదే శీతాకాలంలో టర్కీ పోలీసులు ఇజ్మీర్‌లో వెయ్యికి పైగా నకిలీ జాకెట్లు పట్టుకున్నారు, నీళ్లలో తేలడానికి పనికిరాని సరుకుతో నింపినవి. ఆ వార్త చదివినవాడికి ఆ స్తంభాలు మరో రకంగా కనిపిస్తాయి. మరుసటి ఏడాది ప్రాగ్‌లో అతనే పెద్ద రబ్బరు పడవలో ముఖాలు లేని 258 నల్ల బొమ్మలను కూర్చోబెట్టాడు. చూస్తే గుండె జల్లుమంటుంది, నిజమే. కానీ ముఖం లేకపోవడం ఎవరి చూపు? పడవలో కూర్చున్నవాళ్లకు పక్కవాడి ముఖం కనిపిస్తూనే ఉంటుంది. ముఖాలు లేనిది ఒడ్డు నుంచి చూసేవాళ్లకే.

దీనికి పూర్తిగా ఎదురు చివర టిమొతీ ష్మాల్జ్ కంచు పడవ. 2019 సెప్టెంబర్ 29న వాటికన్‌లో సెయింట్ పీటర్స్ చౌకులో పోప్ ఫ్రాన్సిస్ దాన్ని ఆవిష్కరించారు. 140 మంది భుజానికి భుజం ఆనించి ఇరుక్కుని నిలబడ్డారు, ప్రతివారికీ ముఖముంది. ఆ చౌకు చుట్టూ బెర్నీని స్తంభాల వరస మీద 140 మంది సెయింట్ల విగ్రహాలున్నాయి, ఆ లెక్కకు ఈ లెక్క. నాజీల నుంచి పారిపోతున్న యూదు, ఐరిష్ కరువు నుంచి పోతున్నవాడు, సిరియా యుద్ధం నుంచి వస్తున్నవాడు, అన్ని కాలాలవాళ్లూ ఒకే పడవలో. మధ్యలోంచి రెండు రెక్కలు లేస్తాయి. దయగల పని. కానీ ఒక ఇబ్బంది: అందర్నీ ఒకే పడవ ఎక్కిస్తే, ఎవర్ని ఎవరు తరిమారన్నది మాయమైపోతుంది. వరద లాగా, గాలివాన లాగా వలస అనేదొకటి వచ్చిపడినట్టు ఉంటుంది.

కామెరూన్‌లో పుట్టిన బార్తెలెమి టోగో 2008లో చేసిన 'రోడ్ టు ఎగ్జైల్' ఈ ఉచ్చులన్నీ తప్పించుకుందని నా లెక్క. ఒక చెక్క పడవ, దాని నిండా రంగురంగుల గుడ్డ మూటలు, ఆకాశానికి అంటేలా. మనిషి ఒక్కడూ లేడు. పడవ కింద నీళ్లకు బదులు ఖాళీ గాజు సీసాలు పరిచి ఉంటాయి. ఆ బరువు, ఆ గాజు. ఎవరి చావునూ వాడుకోలేదు, ఎవరి ముఖాన్నీ అరువు తెచ్చుకోలేదు.

మనిషి లేకుండా

కొలంబియా శిల్పి డోరిస్ సాల్సెడో అయితే వస్తువును కూడా వదిలేసింది. 2007లో లండన్ టేట్ మోడర్న్ మ్యూజియం పెద్ద హాల్లో ఆమె పెట్టినదేమీ లేదు, నేలను చీల్చింది. 167 మీటర్ల పగులు, గీతలా మొదలై లోతుగా మెలికలు తిరుగుతూ పోతుంది. పేరు 'షిబ్బొలెత్'. బైబిల్ న్యాయాధిపతుల గ్రంథంలోని మాట. ఓడిపోయి యొర్దాను నది రేవు దాటబోతున్నవాళ్లను ఆపి 'షిబ్బొలెత్ అను' అనేవారు. 'ష' పలకలేక 'సిబ్బొలెత్' అన్నవాణ్ని అక్కడే నరికేవారు. 42,000 మంది అలా పోయారని ఆ గ్రంథం చెబుతుంది. యాస విని మనిషిని తేల్చడం ఎంత పాతదో! ఆశ్రయం కోరినవాడు నిజంగా చెప్పిన ప్రాంతంవాడేనా అని మాట తీరును పరీక్ష చేయించే పద్ధతి కొన్ని దేశాల్లో ఇప్పటికీ ఉంది. ప్రదర్శన అయిపోయాక పగులును సిమెంటుతో పూడ్చారు. ఆ మచ్చ నేల మీద ఉండిపోయింది, ఇప్పుడు దాని మీదే జనం నడుస్తారు.

పదేళ్లకు మాడ్రిడ్‌లో ఆమె 'పాలింప్సెస్ట్' చేసింది. ఐరోపా చేరబోతూ సముద్రంలో పోయినవాళ్ల పేర్లు రాతి నేల మీద నీటి బొట్లుగా ఊరి, అక్షరాలుగా కూడి, కాసేపటికి ఇంకిపోతాయి. మళ్లీ ఊరుతాయి. వెనిస్ గట్టు మీద పడవ చేయలేని పని ఈ నీళ్లు చేశాయి: పేరు పెట్టి పిలిచాయి.

నీళ్ల మాట వచ్చింది కనుక, కానరీ దీవుల్లో లాంజరోటే తీరాన సముద్రం అడుగున ఉన్న శిల్పాన్ని కూడా చెప్పుకోవాలి. జేసన్ డికేర్స్ టేలర్ 2016లో అక్కడ దించిన 'రాఫ్ట్ ఆఫ్ లాంపెడూసా'లో రబ్బరు పడవ మీద 13 మంది ఉన్నారు. సముద్ర జీవులకు హాని చేయని సిమెంటు అది. నాచు, స్పంజికలు, చేపలు నెమ్మదిగా దాన్ని ఆక్రమించుకుంటున్నాయి, ముఖాలు ఏటికేడు మారుతున్నాయి. పేరులోనే ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1819లో ప్రదర్శించిన 'మెడూసా తెప్ప' చిత్రం పలుకుతుంది. 1816లో ఓడ చెడి, తెప్ప మీద వదిలేసిన సుమారు 150 మందిలో చివరికి 15 మందినే ప్రాణాలతో కనుగొన్నారు. జెరికో బొమ్మలో జనం గుట్టలా పైకి లేచి, దిగంతంలో చుక్కంత ఓడకు గుడ్డలు ఊపుతుంటారు. దిగంతం అంటే దిక్కు ముగిసే చోటు. సముద్రం అడుగున దిగంతం ఉండదు. ఎటు చూసినా కొన్ని మీటర్ల నీలం, అంతే. అందుకే టేలర్ పడవలో ఎవరూ దేనికీ చెయ్యి ఊపరు.

ఆశ ఎక్కడ దాగుంది

ఇంతవరకూ ఆశ ఏదని అడిగేవాళ్లుంటారు. ప్రయాణం మీద ఆశ లేకపోతే ఎవరూ మూట కట్టరు, కాబట్టి అది లేకుండా ఈ కథ లేదు. కానీ ఆశను నేరుగా ముఖం మీద పోత పోసిన శిల్పాలు త్వరగా పాతబడతాయి. లండన్ వాటర్లూ స్టేషన్‌లో 2022 జూన్ 22న పెట్టిన విండ్రష్ స్మారకం చూడండి. బాసిల్ వాట్సన్ చేసిన తల్లీ తండ్రీ బిడ్డా, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, పెట్టెల గుట్ట మీద నిటారుగా నిలబడ్డారు. 1948లో కరేబియన్ దీవుల నుంచి విండ్రష్ అనే ఓడలో వచ్చి దిగిన తరానికి గౌరవం. ఆ గౌరవం న్యాయమైనదే. కానీ 2018లో బయటపడిన సంగతి తెలిసినవాడికి ఆ నిటారుతనం కాస్త ఇరుగ్గా ఉంటుంది: ఆ తరంవాళ్లలో కొందరిని, దశాబ్దాలు అక్కడే బతికాక, కాగితాలు లేవని ప్రభుత్వం అక్రమ వలసదారులుగా లెక్కగట్టింది, కొందరిని తిప్పి పంపేసింది కూడా.

అదే తరానికి అదే నగరంలో హాక్నీ ప్రాంతంలో 2021లో వెరోనికా రయాన్ పెట్టినవి మూడు పండ్లు. సీతాఫలం కుటుంబపు పండొకటి, సీమపనస, లక్ష్మణఫలం. కంచులో, పాలరాతిలో, మనిషి కూర్చోగలిగేంత పెద్దవి. మనుషులేరీ అని మొదట అనిపిస్తుంది. సీమపనస పసిఫిక్ దీవుల చెట్టు. బానిసలకు చవగ్గా తిండి పెట్టొచ్చని 1793లో బ్రిటిష్ ఓడలో మొక్కలు తెచ్చి కరేబియన్‌లో నాటారు. అక్కడికి బలవంతంగా తెచ్చిన మనుషులు, బలవంతంగా తెచ్చిన చెట్టు పండు తిని పెరిగి, రెండు వందల ఏళ్లలోపే మరో సముద్రం దాటి లండన్ చేరి, ఆ పండు కోసం మార్కెట్లో వెతుక్కున్నారు. రయాన్ పుట్టిన మోంట్‌సెరాట్ దీవి రాజధాని ప్లిమత్‌ను 1990లలో అగ్నిపర్వతం బూడిదలో పూడ్చేసింది. తిరిగి వెళ్దామన్నా ఆ ఊరు లేదు. పండులో గింజ ఉంటుంది. ఆ సంగతి ప్రత్యేకంగా రాసి పెట్టనక్కర్లేదు.

ఆశకు ప్రపంచమంతా గుర్తుపట్టే విగ్రహం, స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ, న్యూయార్క్ రేవులో ఉంది. అది వలస కోసం చేసిందే కాదు. 1886లో ఆవిష్కరించినప్పుడు దాని అర్థం స్వాతంత్ర్యం, బానిసత్వం ముగింపు, ఫ్రాన్స్ స్నేహం. కాళ్ల దగ్గర తెగిన గొలుసులున్నాయి. శరణు కోరి వచ్చేవాళ్లను రమ్మని పిలిచే ఎమా లాజరస్ కవిత 1883లో రాసిందైనా, ఆ పలక పీఠానికి చేరింది 1903లోనే. ఈలోగా ఎల్లిస్ ద్వీపం తెరిచారు, 1954లో మూసేదాకా సుమారు 1.2 కోట్ల మంది ఆ దారిన వచ్చారు. ఓడ మీదినుంచి చూసినవాళ్లు ఆ విగ్రహానికి అర్థం మార్చేశారు. శిల్పి బార్తోల్ది ఊహించని అర్థాన్ని ఓడ పైకప్పు మీది జనం చెక్కారు. ఒక్క వివరం మాత్రం అతను పెట్టిందే: కింద నిలబడినవాళ్లకు సరిగ్గా కనపడదు గానీ, ఆమె కుడికాలి మడమ పైకి లేచి ఉంటుంది. ఆమె నిలబడి లేదు, నడుస్తోంది.

ఒక స్తంభం వలస

చివరగా జర్మనీలోని కాసెల్. 2017లో డాక్యుమెంటా ప్రదర్శన కోసం ఒలు ఒగీబే అక్కడి కోనిగ్స్‌ప్లాట్జ్ చౌకులో 16 మీటర్ల కాంక్రీటు స్తంభం నిలబెట్టాడు. ఒగీబే నైజీరియాలో పుట్టాడు, చిన్నతనం అక్కడి అంతర్యుద్ధంలో, బియాఫ్రా యుద్ధంలో గడిచింది. స్తంభం నాలుగు ముఖాల మీద నాలుగు భాషల్లో, జర్మన్, ఇంగ్లిష్, అరబిక్, టర్కిష్‌లలో, ఒకే వాక్యం. మత్తయి సువార్తలోది. తెలుగు బైబిల్లో అది ఇలా ఉంటుంది: 'పరదేశినై యుంటిని, నన్ను చేర్చుకొంటిరి.'

స్తంభం ఆకారాన్ని అతను ఊరికే ఎంచుకోలేదు. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ వలసపోయిన శిల్పం ఈ నాలుగు పలకల ఈజిప్టు స్తంభమే. రోమ్ చక్రవర్తులు ఓడల్లో ఎత్తుకెళ్లారు, తర్వాత పారిస్, లండన్, న్యూయార్క్ చేరాయి. రోమ్‌లో అవి ఇప్పటికీ చాలా నిలబడి ఉన్నాయి. అక్కడ వాటిని పరాయివని ఎవరూ అనరు.

కాసెల్ స్తంభాన్ని అన్నారు. లక్షలాది శరణార్థులు జర్మనీ చేరిన రోజులవి. వలసలను వ్యతిరేకించే పార్టీ నగర సభ్యుడొకడు దాన్ని 'వికృత కళ' అన్నాడు, నాజీలు వాడిన మాటకు దగ్గరి చుట్టం లాంటి మాట. కొందామని నగరం చందాలు పోగుచేసింది. చౌకులోనే ఉంచాలని శిల్పి, వేరే చోటికి మార్చాలని నగరం పట్టుబట్టాయి. 2018 అక్టోబర్ 3న, జర్మనీ ఏకీకరణ దినం నాడు, తెల్లవారకముందే క్రేన్లు వచ్చి దాన్ని ముక్కలుగా విప్పి లారీల్లో తీసుకుపోయాయి.

శిల్పంలోని మనుషులు ఎటు తిరిగి ఉన్నారన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు లేదు, ఇందులో మనుషులే లేరు. వాళ్లకు దిక్కెవరన్న రెండో ప్రశ్నకు మాత్రం ఊరు ఊరంతా ఏడాదికి పైగా కొట్లాడింది, కొంతమంది స్తంభం తరఫున వీధిలోకొచ్చారు. చివరికి ఒగీబే రాజీకి ఒప్పుకున్నాడు. 2019 వసంతంలో ఆ ముక్కలను ట్రెప్పెన్‌స్ట్రాసెలో, అంటే మెట్లవీధిలో, మళ్లీ నిలబెట్టారు. పాత రైల్వే స్టేషన్ వైపు నుంచి ఊళ్లోకి నడిచొచ్చేవాళ్లకు అది దారిలోనే తగులుతుంది.